డబ్బాలో పడేసిన పిడి

ఈ మధ్య ప్రొద్దుటూరులో ఒక పెళ్లికి పోయినాను. వయసు మళ్లినవాణ్ని పెళ్లిలో ఎక్కడ కూర్చోబెడతారో మీకు తెలుసు. కూలరుకు ఎదురుగా, స్పీకరుకు పక్కగా. కూలరు గాలి నా దాకా రాలేదు గానీ స్పీకరు మోత మాత్రం కడుపులోకి దిగింది. వేదిక మీద పాటలవాళ్లలో ఒక కుర్రవాడు ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తున్నాడు. బతుకంతా రేడియోలు, మైకులు విప్పి బిగించినవాణ్ని కదా, పాట వినడం మాని గిటారును చూస్తూ కూర్చున్నాను. తీగలు కట్టిన పలక దగ్గర ఒక చిన్న బెజ్జం ఖాళీగా ఉంది. అక్కడ ఉండాల్సిన కడ్డీ లేదు.

భోజనాల దగ్గర ఆ పిల్లవాణ్ని పట్టుకుని అడిగాను. "అదా తాతా, ఇంట్లో యాడో ఉండాది. ఎవరూ వాడరు. దాన్ని తాకితే శ్రుతి పోతాది. కొన్న పొద్దే విప్పి పక్కన పెట్టేసినా" అన్నాడు. మంచి పిల్లవాడు, నా ఆకులో ఇంకో ఓళిగ వేయించాడు కూడా. ఓళిగ తింటూ వాదించడం నా చేత కాదు. అందుకని అప్పుడు మాట్లాడకుండా వచ్చేసి, ఆ జవాబు ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. వాడు చదువుతాడో లేదో, మీరైనా చదవండి.

ఉద్యోగ జ్ఞాపకాలంటే మీకు పెద్ద ఆఫీసులూ బదిలీలూ గుర్తొస్తాయేమో. నాకు బదిలీ ఒక్కటే జరిగింది. ఎండ పడుతోందని నా బల్లను ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నాళ్లకు ప్రొద్దుటూరు బజారులో ఒక రేడియో షాపులో చేరాను. పని మానేసేదాకా అదే షాపు. రేడియోలు బాగు చేయడం, పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ మైకు సెట్టు బాడుగకు తోలడం మా పని. యజమాని సాయంత్రం ఒకసారి వచ్చి కుర్చీలో కాసేపు కూర్చుని పోయేవాడు. షాపును నిజంగా నడిపింది మా మేస్త్రీ.

మేస్త్రీ నేతపనివాళ్ల ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి రేడియోల్లోకి వచ్చినవాడు. చేయి మంచిది, నోరు గట్టిది. తను కూడా పొరపాటు పడగలనన్న అనుమానం ఆయనకెప్పుడూ రాలేదు. మాకు వచ్చినా బయటికి చెప్పే ధైర్యం లేదు. ఆయన బాగు చేసిన ప్రతి పెట్టెకూ చివరి మర మీద ఎర్ర లక్క చుక్క ఒకటి పెట్టేవాడు. ఆ చుక్క ఉన్న పెట్టెను ఇంకొకరు తెరవకూడదు, తెరవాల్సి వస్తే ఆయనే తెరవాలి. మా షాపులో దేవుడి పటానికి దండం పెట్టకపోయినా నడిచేది గానీ ఆ లక్క చుక్క గీకితే నడిచేది కాదు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. ఆ రోజుల్లో రికార్డులు వాయించే పెద్ద రేడియోగ్రాములు మద్రాసు నుంచి లారీల్లో వచ్చేవి. దారి కుదుపులకు లోపలి మోటారు ఊగి పాడవకుండా దాన్ని పెద్ద బోల్టులతో బిగించి పంపేవాళ్లు. ఇల్లు చేరాక ఆ బోల్టులు తీసేయాలి. మా ఊరి షావుకార్లు కొందరు తీయకుండానే నడిపి, పాట గరగరమంటోంది, మిషను చెడిపోయిందని మమ్మల్ని పిలిపించేవాళ్లు. మేస్త్రీ పోయి, బోల్టులు తీసి, కాఫీ తాగి వచ్చేవాడు. అలా తీసినవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో వేసేవాడు. ఏ కొత్త సామాను షాపుకు వచ్చినా సరే, ప్రయాణం కోసం బిగించింది ఏముందో వెతికి తీసేయడమే ఆయన చేసే మొదటి పని.

మా ఎదురు వీధిలో ఒక పెళ్లి బ్యాండు ఉండేది. దాని మాస్టరు సాయిబు, తాతల నాటి నుంచీ వాద్యాల ఇల్లు. ఆయన క్లారినెట్‌కు ఇటు జమ్మలమడుగు, అటు పులివెందుల దాకా పేరు. ఆయన దగ్గర ఒక శిష్యుడు ఉండేవాడు. జమ్మలమడుగు పక్క పల్లెలో బడి అయ్యవారి కొడుకు, క్రైస్తవుల ఇంటి పిల్లవాడు. నాకంటే కొంచెం పెద్ద, నేను అన్నా అనే పిలిచేవాణ్ని. మాస్టరు తర్వాత క్లారినెట్ ఇతనిదే అని అందరూ అనుకుంటున్న రోజుల్లో అతనికి క్షయ వచ్చింది.

నెలల తరబడి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. ప్రాణం దక్కింది. పంపించేటప్పుడు డాక్టరమ్మ రెండు మాటలు గట్టిగా చెప్పిందట. ఇక జన్మలో ఊదే వాద్యం నోట పెట్టుకోవద్దు, దుమ్ములో పని చేయొద్దు. ఊదకపోతే బ్యాండులో చోటు లేదు. బ్యాండు లేకపోతే అతనికి దొరికే పని మేనమామ చూపించిన పత్తి మిల్లులోనే, అక్కడ దుమ్ము తప్ప ఇంకేమీ లేదు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక కాంపౌండరు జాలిపడి తన మామూలు చెక్క గిటారు తెచ్చి, వేళ్లు ఎక్కడ పెట్టాలో నేర్పించాడు. ఆ ఒక్క విద్య పట్టుకుని అతను మాస్టరు దగ్గరికి తిరిగొచ్చాడు.

అవి అరవైల చివరి రోజులు. సినిమా పాటల్లో గిటారు మోగుతోంది, పెళ్లివాళ్లు ఆ పాటలే అడుగుతున్నారు. ఆ సాకుతో మాస్టరు మద్రాసు పాత సామాన్ల బజారులో ఒక ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కొచ్చాడు. సాకు అని ఎందుకంటున్నానంటే, పెళ్లివాళ్లు అడగకపోయినా ఆయన కొని ఉండేవాడు. శిష్యుణ్ని పత్తి మిల్లుకు పంపడం ఆయనకు మనసొప్పలేదు. బ్యాండులో మిగిలినవాళ్లు, ముఖ్యంగా బూర ఊదేవాళ్లు, దుడ్లు తగలేసినాడని గొణుక్కున్నారు. వాళ్ల నోరు మూయించడానికో, నిజంగానే అనుకున్నాడో తెలియదు గానీ, మాస్టరు ఒకనాడు మా షాపు ముందరే శిష్యుణ్ని నిలబెట్టి చెప్పేశాడు.

"ఈ పెళ్లిళ్ల కాలమంతా చూస్తా. ఆఖరి పెళ్లి పులివెందులలో ఉండాది. ఆ పొద్దుకు ఇది పాట పలకల్ల. పలకలేదంటే అమ్మేసి ఇంకో బూర పెట్టుకుంటా. నీ మీద నాకు పానం ఉండాది గానీ, బ్యాండు పానంతో నడవదప్పా."

అతను తలూపాడు. నేను ఆ మాట విననట్టు రేడియో తుడుస్తూ కూర్చున్నాను.

గిటారును మా మైకు పెట్టెకు కలిపి మోగించే పని మాకు వచ్చింది. మేస్త్రీ దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తీగలు కట్టిన ఇనుప పలక నుంచి జానెడు పొడుగున ఒక వంకర కడ్డీ బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఇంగ్లీషులో దానికి ఏవేవో పేర్లున్నాయని తర్వాత విన్నాను, మేం పిడి అనేవాళ్లం. మేస్త్రీ పిడిని నొక్కాడు. పలక ఊగి, తీగలన్నీ ఒక్కసారి మూలిగాయి. వెనక మూత విప్పితే లోపల వరసగా స్ప్రింగులు. అవి చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"చూసినావా, ప్రయాణం కోసరం పెట్టినారు. ఎత్తుకోను పిడి, కుదుపు ఆపను స్ప్రింగులు. తీసి ఇయ్యల్లని ఆ అమ్మినోనికి తెలీదు" అన్నాడు.

పిడిని తిప్పి ఊడదీసి బిస్కెట్ల డబ్బాలో వేశాడు. పలక ఇక ఊగకుండా తుమ్మ చెక్క ముక్క ఒకటి చెక్కి, వెనక సందులో దిగ్గొట్టాడు. మూత బిగించి లక్క చుక్క పెట్టాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ పని తర్వాత గిటారు శ్రుతి కదలకుండా నిలబడింది. అంతకు ముందు ఊరికూరికే మరలు తిప్పుకోవాల్సి వచ్చేది. మాస్టరు సంతోషించాడు, మేస్త్రీ కాఫీ తాగాడు. ఆ పిడి సంగతి అడిగినవాళ్లు లేరు. వాయించేవాడికీ తెలియదు, అతను నేర్చుకున్న చెక్క గిటారుకు అలాంటిది లేదు మరి.

ఆ ఎండాకాలమంతా మైకు పెట్టె, బ్యాటరీ మోసుకుని నేను బ్యాండు వెంట తిరిగాను. మెరవణిలో ముందు డోళ్లు, బూరలు, నడుమ మాస్టరు, వెనక ఎద్దుల బండి మీద నేనూ గిటారూ. అతను తప్పు వాయించేవాడు కాదు. ప్రతి స్వరం దాని చోటనే పడేది. అయినా జనం తలలూపేవాళ్లు కాదు. మన పాటకు స్వరం పలికితే చాలదు, పలికినాక అది కదలాలి, వంగాలి, సాగాలి. గిటారు ఠంగుమని ఊరుకునేది. రేకు మీద చింతగింజలు పోస్తున్నట్టుందని ఒక బూర ఆయన అందరి ముందరా అన్నాడు. ఇంకొకాయన ఆడలేక మద్దెల ఓడు అన్నాడు, పాపం అతను మద్దెలను ఒక్క మాట కూడా అనకపోయినా.

జమ్మలమడుగులో ఒక పెళ్లినాడు చూశాను. పాటలో పొడుగు స్వరం వచ్చినప్పుడల్లా అతను గిటారు మెడను ఎడమ చేత్తో పట్టి ముందుకు నెడుతున్నాడు. కర్ర కిర్రుమంటోంది. విరిగిందంటే ఆ పెళ్లితోనే అతని కథ ముగుస్తుంది. పాట అయినాక బండి పక్కన నీడలో కూర్చోబెట్టి, ఎందుకన్నా అట్ల నెడతాండావు అని అడిగాను.

"ఏం చేయమంటావప్పా. మోగినాక సొరం నా చేతిలో ఉండదు. తీగను వేలితో గుంజి చూసినా, మందం తీగలు, కదలవు. క్లారినెట్లో అయితే ఊపిరి పోసి దాన్ని వంచుతాం, మళ్లా లేపుతాం. ఇది మోగుతాది, అట్నే చస్తాది. పాట నా లోపల ఉండాది. బయటికి పంపను దోవ లేదు."

ఈ మాట అన్నాక కాసేపు దగ్గాడు. నేను నీళ్లిచ్చాను. పులివెందుల పెళ్లి దగ్గర పడుతోంది. మేనమామ మిల్లులో చోటు చూసి పెట్టానని కబురు కూడా పంపాడట.

ఆ వారంలోనే ఒక మైకు స్టాండుకు బోల్టు కావలసి, బిస్కెట్ల డబ్బాను బల్ల మీద బోర్లించాను. బోల్టుల నడుమ పిడి దొర్లి వచ్చింది. పక్కకు నెట్టబోయి ఆగాను. బోల్టులన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే మెరుస్తున్నాయి. ఒకసారి బిగించి ఒకసారి తీసినవి, ఎందుకు అరుగుతాయి? పిడి అలా లేదు. దాని కొస దగ్గర తెల్ల పూత పూర్తిగా పోయి కింద పసుపుపచ్చ లోహం బయటపడింది. అక్కడ వేలు పెడితే నున్నగా జారుతోంది. ప్రయాణంలో ఎత్తుకోవడానికి పెట్టిన సామానైతే అంత అరిగేలా ఎవరు పట్టుకున్నారు? ఎవరో దీన్ని ఏళ్ల తరబడి రోజూ చేత్తో నడిపారు. ఎందుకో నాకు తెలియదు, నడిపిన మాట మాత్రం నిజం.

ఇక మిగిలింది పిల్లి మెడలో గంట కట్టడం. మేస్త్రీ లక్క చుక్కను గీకమని మేస్త్రీకే చెప్పాలి. మధ్యాహ్నం ఆయన అన్నం తిని, ఆకు వక్క వేసుకుని, ఎవరిమీదా కోపం లేకుండా ఉండే అరగంట ఒకటుండేది. అప్పుడు పోయి ఒక బోల్టు, ఆ పిడి పక్కపక్కన ఆయన ముందర పెట్టాను. రెండూ ప్రయాణం సామాన్లే కదా మేస్త్రీ, ఒకటి కొత్తట్లనే ఉండాది, ఇంకొకటి ఎందుకిట్ల అరిగింది అని అడిగాను. అడిగి రెండడుగులు వెనక్కి జరిగాను.

తిట్టలేదు. పిడిని చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఆ నునుపు మీద నిమిరి చూశాడు. మగ్గం చూసినవాళ్లకు తెలుస్తుంది, నాడె అటూ ఇటూ పరుగెత్తడానికి నేసేవాడు ఒక తాడు లాగుతాడు, ఆ తాడుకు ఒక కొయ్య పిడి ఉంటుంది.

"మా నాయన మగ్గం పిడి ఇట్లనే ఉండె. బొటనవేలు కాడ గుంట పడి" అన్నాడు మేస్త్రీ. ఆ గొంతు నేను ఎప్పుడూ విననిది. తర్వాత మామూలు గొంతుతో, "పోయి గిటారు తీసుకురా. చెక్క నేను కొట్టినా, నేనే పీకుతా" అన్నాడు.

పొరపాటు ఒప్పుకోవడంలో ఆయన వచ్చినంత దూరం అదే. సాయంత్రానికల్లా కథ మారిపోయింది. పనిమంతుడు దొరికేదాకా పిడి పోకుండా తనే దాచిపెట్టానని వచ్చినవాళ్లకు చెప్పాడు. మేం తలూపాం. లక్క చుక్క గీకడానికి ఆయన మనసొప్పడమే మాకు పెద్ద పండగ.

చెక్క పీకి, పిడి బిగించి అతని చేతికిచ్చాం. ఒక తీగ మీటి, మోగుతుండగా చిటికెన వేలితో పిడిని కొద్దిగా నొక్కాడు. స్వరం కిందికి వంగింది. వదిలితే లేచి తన చోటికొచ్చింది. మళ్లీ మెల్లగా నొక్కి, వదిలి, నొక్కాడు. స్వరం ఊగింది. అతను తలెత్తి మా ఇద్దరినీ చూశాడు. ఊపిరితిత్తులు పాడైన మనిషి అంత పొడుగ్గా గాలి పీల్చుకోవడం నేను అప్పుడే చూశాను. నాకు గట్టిగా ఈల వేయాలనిపించింది.

ఆ సంతోషం పూర్తిగా ఒక పాట వాయించేదాకా కూడా నిలవలేదు. పది సార్లు నొక్కేసరికి తీగలన్నీ తలా ఒక దారి పట్టాయి. ఆ పిల్లవాడు పెళ్లిలో నాతో చెప్పింది అబద్ధం కాదు, పిడి తాకితే శ్రుతి పోతుంది. మేస్త్రీ ఈసారి పిడిని వదిలి తీగల వెంట కన్ను పరిగెత్తించాడు. మెడ చివర అడ్డంగా బిగించిన ఎముక ముక్క ఒకటుంది, తీగలు దాని గాట్లలోంచి పోతాయి. నొక్కినప్పుడు సడలిన తీగ ఆ గాట్లో పట్టేసి వెనక్కి రావడం లేదు. రేడియోలో ముల్లు నడిపే దారం పట్టేస్తే మేం చక్రాల ఇరుసుల్లో పెన్సిలు ములికి పొడి వేస్తాం. అదే పొడి ఆ గాట్లలో వేశాడు. శానా నయమైంది. అయినా స్ప్రింగులు ముసలివి, మా ఊళ్లో అలాంటివి దొరకవు. ఒక చరణం వరకు శ్రుతి తిరిగొస్తుంది, పాటల మీద పాటలు ఆడిస్తే రాదు.

చెక్క మళ్లీ కొట్టమంటావా అని మేస్త్రీ అడిగాడు. కొడితే శ్రుతి పదిలం, పాటకు ప్రాణం ఉండదు. కొట్టకపోతే ప్రాణం ఉంటుంది, పదిమందిలో పరువు పోయే భయం ఉంటుంది. అతను ఎక్కువసేపు ఆలోచించలేదు. వద్దు మేస్త్రీ అన్నాడు.

దాచకుండా పోయి మాస్టరుకు అంతా చెప్పాడు. మాస్టరు వచ్చి విన్నాడు, పిడి వంచిన స్వరం విన్నాడు, పదిసార్ల తర్వాత తప్పిన శ్రుతీ విన్నాడు. గడ్డం గోక్కుంటూ షాపు మెట్ల మీద కూర్చున్నాడు. మెరవణిలో దాని జోలికి పోవద్దని మొదట తేల్చేశాడు. లేస్తూ లేస్తూ, అప్పగింతల్లో చూద్దాం అన్నాడు.

ఆ మాటకు మేమంతా నోళ్లు తెరిచాం. అప్పగింతల పాట ఆ బ్యాండులో ఎప్పుడూ మాస్టరు ఒక్కడిదే. డోళ్లు ఆగిపోతాయి, బూరలు దించేస్తారు, ఆడబిడ్డను అత్తగారింటివాళ్ల చేతిలో పెట్టేటప్పుడు ఆయన క్లారినెట్ ఒకటే మోగుతుంది. ఆయన తండ్రి నాటి నుంచీ అదే పద్ధతి. ఆ తర్వాత ఇంకో పాట ఉండదు, వాద్యాలు సంచుల్లోకి పోతాయి. అందుకే పాట తర్వాత తీగలు సడలినా నష్టం లేదు. కానీ పాట నడుమ ఒక్క స్వరం తప్పిందా, ఏడవాల్సిన జనం నవ్వుతారు. ఆ ఇంటివాళ్లు జన్మలో మరిచిపోరు. మాస్టరు తన ఇంటి పేరునే శిష్యుడి చిటికెన వేలికి కట్టాడు.

ముద్దనూరు మీదుగా బస్సు పైన సామాన్లేసుకుని పులివెందుల పోయినాం. పెద్ద సేద్యం ఉన్న ఇల్లు. పెళ్లికొడుకుది లింగాల. పొద్దున మెరవణి, తాళి అన్నీ బాగా జరిగాయి. గిటారు ఎప్పటిలాగే ఠంగుఠంగుమంది, ఎప్పటిలాగే ఎవరూ పట్టించుకోలేదు. అతను పిడిని లోపలికి తిప్పిపెట్టి, దాని వంక కూడా చూడకుండా వాయించాడు. భోజనాల్లో ఓళిగలు, నెయ్యి. అతను తినలేదు. నా ఆకు నేను ఊడ్చేశాను, భయం వేస్తే నాకు ఆకలి ఎక్కువ.

ఎండ కొంచెం వాలినాక అప్పగింతలు మొదలైనాయి. పందిట్లో చాప మీద పెళ్లికూతురి అవ్వ కూర్చుని ఉంది. తల్లి లేని ఆ పిల్లను సాకింది ఆమేనట, చూపు పూర్తిగా ఆనదు. మనవరాలి చేయి తన రెండు చేతుల్లో పెట్టుకుని వదలడం లేదు. డోళ్లు ఆగాయి. మాస్టరు క్లారినెట్ ఎత్తి పల్లవి అందుకున్నాడు. ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకోవడం మొదలుపెట్టారు. నేను మైకు పెట్టె దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మోత పెంచే మర మీద చేయి పెట్టుకుని ఉన్నాను.

పల్లవి అయిపోయింది. మాస్టరు అతని వంక చూసి కళ్లతోనే పిలిచాడు. అతను తీగ మీటి, చిటికెన వేలు పిడి మీద వేశాడు. స్వరం పుట్టింది, వంగింది, కింద కాసేపు ఆగింది, తర్వాత లేచి సరిగ్గా తన చోటికి వచ్చి నిలిచింది. రెండో స్వరమూ వచ్చింది. అతని వెనకాలే సన్నగా ఊదుతున్న మాస్టరు, చరణం సగంలో ఊదడం ఆపి క్లారినెట్‌ను చంకలో పెట్టుకున్నాడు. తండ్రి నాటి పద్ధతిని ఆయన అలా మాటా పలుకూ లేకుండా శిష్యుడి చేతికిచ్చేశాడు. అతను కళ్లు మూసుకుని ఉన్నాడు, చూశాడో లేదో తెలియదు. జబ్బుతో క్లారినెట్ దూరమైనాక ఎక్కడికి పోయిందో అనుకున్న అతని పాటంతా ఆ వేలి కింది నుంచి బయటికి వచ్చింది. నేను ఏడ్చాను. బూర ఆయన కూడా ముఖం అటు తిప్పుకున్నాడు.

పాట ఆగింది. అవ్వ తలెత్తి గాలిలోకి అడిగింది.

"ఊదిందెవరప్పా?"

అందరూ మాస్టరు వంక చూశారు. ఊరికే తలూపితే ఆ మెప్పు ఆయనదే అయ్యేది. ఆయన శిష్యుణ్ని భుజం పట్టి తీసుకుపోయి అవ్వ ముందర కూర్చోబెట్టాడు. "నేను కాదవ్వా, మా పిల్లోడు" అన్నాడు.

అవ్వ మనవరాలి చేయి వదిలి, తడుముకుంటూ అతని రొమ్ము మీద అరచేయి పెట్టింది. "ఎంత ఊపిరి నాయనా నీది. నిండా నూరేండ్లు సల్లగుండు" అంది.

అది గిటారని ఎవరూ చెప్పలేదు. అతనూ చెప్పలేదు. డాక్టరమ్మ వద్దన్న ఆ రొమ్ము మీద ఆమె చేయి ఉన్నంతసేపూ అతను తల వంచుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆ తర్వాతే పెళ్లికూతురు లేచింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో మాస్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ, వచ్చే ఏటికి ఇంకో బూర అక్కరలేదులే అన్నాడు. ఎవరితో అన్నాడో చెప్పలేదు, అందరం విన్నాం. పత్తి మిల్లు పేరు మళ్లీ ఎత్తినవాళ్లు లేరు. అతను ఆ బ్యాండులోనే తల నెరిసేదాకా వాయించాడు. పిడిని అప్పగింతల్లో తప్ప ఇంకెక్కడా తాకేవాడు కాదు. పెళ్లి మాట్లాడుకునేటప్పుడే, ఆ ఏడిపించే గిటారు ఆయన వస్తాడా అని అడిగేవాళ్లు. మా మేస్త్రీ మాత్రం చివరిదాకా, పిడి దాచిపెట్టింది నేనే కదా అంటూ వచ్చాడు. ఆలోచిస్తే అదీ నిజమే. పారేయకుండా డబ్బాలో వేసింది ఆయనే.

కాలం గడిచి ఆ గిటారు కర్ర పగిలి పనికిరాకుండా పోయినప్పుడు, అతను పిడి ఒక్కటే ఊడదీసి నాకిచ్చి పోయాడు. ఇప్పటికీ ఆ బిస్కెట్ల డబ్బాలోనే ఉంది, డబ్బా మా ఇంట్లో ఉంది. ఎర్ర గిటారు పిల్లవాడా, పిడి ఎవరూ వాడరని అన్నావు కదా. వీలున్నప్పుడు ఒకసారి ఇంటికి రా. వాదించను. దాన్ని నీ చేతిలో పెడతాను, అంతే. కొస దగ్గర ఒక నునుపు ఉంది, ఏ దేశంలో ఎవరు అరగదీశారో మాకు తెలియదు. దానికి రెండు వేళ్ల పైన ఇంకో నునుపు ఉంది. దాని మీద నీ చిటికెన వేలు పెట్టి చూడు, సరిగ్గా పడుతుంది.